లోపల కూర్చుని వాన చూసినాయన

మొన్న వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు బండి తలుపు తీసి, సీటు వెనక సందులో చెయ్యి పెట్టి తడిమి చూశాను. పొడిగా ఉంది. రెండేళ్లుగా ప్రతి వానకీ ఇదే పని నాకు. చెయ్యి బయటికి తీసి, వేళ్లు చూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకుని తలుపు వేస్తాను. మొన్న మాత్రం తలుపు వెయ్యలేక అలాగే నిలబడిపోయాను. అద్దాలాయన చనిపోయి నాలుగు నెలలయిందని అంతకు ముందు రోజే తెలిసింది.

ఆయన పేరు నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు. నా ఫోనులో ‘అద్దాలాయన’ అని ఉంటుంది. కొండాపూర్ నుంచి శేరిలింగంపల్లి వైపు పోయే ఒక పక్కదారిలో, రెండు పెద్ద ఆఫీసుల ప్రహరీగోడల మధ్య మిగిలిపోయిన కొద్దిపాటి జాగాలో రేకుల డబ్బా ఆయనది. లారీలకు, ఆటోలకు, కార్లకు అద్దాలు బిగించేవారు. బోర్డు లేదు. పగిలిన ముందద్దం ఒకటి పొద్దున్నే రోడ్డు పక్కన నిలబెట్టేవారు, సాయంత్రం లోపల పెట్టుకునేవారు. అదే బోర్డు.

సన్నటి మనిషి. భుజం మీద తువ్వాలు. మోచేతుల దాకా గాజు గీసిన తెల్లటి గీతలు. చొక్కా జేబులో ఎప్పుడూ మొహానికి రాసుకునే పౌడరు డబ్బా ఉండేది. ఈ వయసులో సోకేమిటని మొదటిసారి చూసినప్పుడు నవ్వుకున్నాను. అది ఆయన పనిముట్టు. బండిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకపోతే, లోపలివైపు అద్దం అంచుల వెంట పౌడరు చల్లి, బయట నీళ్లు పోయించేవారు. పౌడరు మీద సన్నగా తడి గీత మొదలైన చోట వేలు పెట్టి, “ఇగో, వస్తున్నడు” అనేవారు. నీళ్లు ఆయనకు బాగా తెలిసిన మనిషి అయినట్టు.

ఇంకొకటి. ఆ చుట్టుపక్కలంతా అద్దాల భవనాలే కదా. ఎండ పూట అందరూ వాటి నీడలో గోడ పక్కన నడుస్తారు. ఆయన నడిచేవారు కాదు. వెనక బండ్లు హారన్ కొడుతున్నా సరే, ఎండలో రోడ్డు మధ్యకు వచ్చి నడిచేవారు. ఎందుకండీ అని ఒకసారి అడిగాను. తలెత్తి పై అంతస్తుల దాకా చూసి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

“గంత అద్దం బిడ్డా. దాని రబ్బరు ఎవరు జూసిండ్రో నాకు తెల్వదు.”

నవ్వు వచ్చే మాటే. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. నేనూ గోడ పక్కన నడవడం మానేశాను.

నేను బడికి పోలేదు. చిన్నతనంలో ఉబ్బసం బాగా ఉండేది. మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, లెక్కలు చెప్పింది, ప్రార్థన నేర్పింది. అందుకే నాకు తెలిసినవన్నీ ఇంట్లో నేర్చుకున్నవే, భయాలతో సహా. ఎవరైనా చిన్న మేలు చేస్తే వెంటనే దేవునికి చెప్పుకోకపోతే ఆ మేలు నిలవదని అమ్మ అనేది. ఆ మాట నాలో ఎముకలా ఉండిపోయింది. ఈ కథంతా అక్కడే మొదలైంది.

మా ఆయన ఆఫీసులకు మొక్కలు కిరాయికి ఇస్తారు. లిఫ్టుల పక్కన, రిసెప్షన్లలో పచ్చగా కనబడే కుండీలు చాలావరకు ఆ ఆఫీసులవి కావు. మాలాంటి వాళ్లు తెచ్చి పెడతారు, వాడిపోయినవి తీసుకొచ్చి, కోలుకున్నవి తిరిగి పెడతారు. ప్రగతి నగర్‌లో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో నేను వాటికి నీళ్లు పోసి, ఆకులు తుడిచి, మళ్లీ నిలబెడతాను. చాలాకాలం పాత ట్రాలీ ఆటోతో నెట్టుకొచ్చాం. రెండేళ్ల కిందట కొత్త పికప్ తీసుకున్నాం. ముందు ముగ్గురు పట్టే క్యాబిను, వెనక కుండీలు. పొద్దున ఆ బండిలోనే మా పాపను బడి దగ్గర దింపి, ఆయన ఆఫీసుల దారి పడతారు.

బండి వచ్చిన రోజు మా పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. కొబ్బరినూనె సీసా మీద చెయ్యి ఉంచి ప్రార్థించి, స్టీరింగుకు, తలుపులకు నూనె బొట్టు పెట్టారు. మిగిలిన నూనె నా చేతికిచ్చారు. ఎదురుగా వచ్చే ఆపద మా ఆయనకు కనబడుతుంది, వెనక నుంచి వచ్చేది కనబడదు కదా అనుకున్నాను. డ్రైవరు సీటు వెనక ఉండే అద్దం చుట్టూ నల్లటి రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు వెంట నాలుగు పక్కలా వేలితో నూనె రాశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పని అనిపించలేదు.

మొదటి వానకే సీటు వీపు తడిసింది. వెనకద్దం కింది మూల నుంచి నీళ్లు కారుతున్నాయి. కొత్త బండి. మా ఆయన మొహం చిన్నబోయింది. షోరూముకు తీసుకెళ్తే వాళ్లు మర్యాదగానే రబ్బరు లోపలికి గమ్ము ఎక్కించి పంపారు. ఆ సాయంత్రమే నేను ఆ మూల దగ్గర నిలబడి, మేలు చేసినందుకు స్తోత్రం చెప్పి, ఇంకా ఆరని గమ్ము మీద ప్రార్థన నూనె రాశాను. రెండు వానలు తిరక్కుండానే మళ్లీ కారింది. మళ్లీ షోరూము, మళ్లీ గమ్ము, మళ్లీ నా స్తోత్రం, నా నూనె. మూడోసారి కూడా అంతే.

మూడోసారి అక్కడి మెకానిక్కు మా ఆయనతో ఒక మాట అన్నాడట. సీటు వెనక తీగల కట్ట పోతుందనీ, అది నానితే బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేమనీ. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి మామూలుగా చెప్పి అన్నం తిన్నారు. నేను తినలేకపోయాను. ఆ రోజు నుంచి మొక్కలకు నీళ్లు పోస్తూ ఆకాశం చూసేదాన్ని. వాన కావాలని ప్రార్థించిన నోటితోనే వద్దని ప్రార్థించేదాన్ని.

ఒక సాయంత్రం మా ఆయన పాపను బడి నుంచి తీసుకొస్తుండగా, ఫ్లైఓవర్ మీద, కుండపోత వానలో బండి ఆగిపోయింది. ముందు వైపర్లు ఆగాయట, తర్వాత లైట్లు, తర్వాత ఇంజను. వెనక నుంచి వచ్చే బండ్లకు వీళ్లు కనబడరు. పాపను దింపి గోడ పక్కన నిలబెట్టి, వెనక ఉన్న కుండీల్లో ఒకదాన్ని దించి, బండికి ఇరవై అడుగుల వెనక రోడ్డు మీద పెట్టారట, గుర్తుగా. ఆ కుండీని ఎవరో గుద్దేశారు. అది పగిలిన చప్పుడు వినే ఒక ట్రాఫిక్ పోలీసు పరుగెత్తుకొచ్చాడు. ఆ గంటసేపూ నేను ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్నాను. అవతల పలకడం లేదు. అప్పుడు చేసింది ప్రార్థన అని ఇప్పుడు కూడా అనలేను.

వాళ్లు తడిసి, క్షేమంగా వచ్చారు. మర్నాడు పొద్దున మా ఆయన లేవకముందే వెళ్లి, సీసాలో ఉన్న నూనెలో సగం ఆ రబ్బరుకే పట్టించాను.

మా ఆయనకు తెలిసిన ఒక డ్రైవరు అద్దాలాయన దగ్గరికి పొమ్మన్నాడు. నేనూ వస్తానని బండెక్కాను. ఒంటరిగా పంపే ధైర్యం లేదు.

ఎన్నిసార్లు గమ్ము పెట్టారని అద్దాలాయన అడిగారు. మూడని మా ఆయన చెప్పారు. గోటితో రబ్బరు అంచు ఎత్తి లాగితే, లోపలి గమ్ము పాల మీది మీగడలా పొడుగ్గా లేచి వచ్చింది. దేనికీ అంటుకోలేదు. ఆయన ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత షోరూమును తిట్టలేదు, కంపెనీని అనలేదు. మెల్లగా తలతిప్పి నా జడ వైపు చూశారు.

“అన్నా, జర పోయి మూడు చాయ చెప్పి రా. నా దాంట్ల చక్కెర వద్దని చెప్పు” అని మా ఆయనను పంపించేశారు. ఆయన రోడ్డు దాటేదాకా ఆగి, నన్ను అడిగారు.

“నూనె ఎవరు రాస్తున్నరు బిడ్డా?”

అబద్ధం చెప్పవచ్చు. మొక్కల మందు పడిందేమో అనవచ్చు. అంతా చెప్పేశాను, పాస్టరుగారి ప్రార్థన, నాలుగు పక్కలా రాయడం, బాగుచేయించిన ప్రతిసారీ స్తోత్రం చెప్పి తడి గమ్ము మీద రాయడం, ఫ్లైఓవర్ మర్నాడు రాయడం. ఆయన నవ్వలేదు. ఆ ఒక్కదానికే ఆయనకు నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను.

“గమ్ము జిడ్డు మీద నిలవది. రబ్బరు నీ నూనె తాగి ఉబ్బింది. మొదటి తప్పు ఎవరిదో నాకు తెల్వదు, మూలకు ఇంత సందు కంపెనీలనే ఉన్నదేమో. ఆ తర్వాత మూడు మాత్రం నీవే.”

అక్కడున్న టైరు మీద కూర్చున్నాను. అంటే నా మొగుణ్ణీ నా బిడ్డనూ ఆ ఫ్లైఓవర్ మీద నిలబెట్టింది నేనే. అంతవరకూ నా భయం వాన మీద, రోడ్డు మీద, వెనక వచ్చే బండ్ల మీద. ఇప్పుడది నా చేతి మీదికి తిరిగింది.

ఆయన ఒక గుడ్డకు థిన్నరు పోశారు. నూనె ఆనవాలు లేకుండా అద్దం, చుట్టూ రేకు తుడవాలి, ఆ తర్వాతే కొత్త రబ్బరు అన్నారు. అది విన్నాక ఇంకో భయం పట్టుకుంది. ప్రార్థించిన నూనె అది. అదొక్కటే కదా ఇన్నాళ్లూ వాళ్లిద్దరినీ కాచిందని నా నమ్మకం. దాన్ని తుడిచేసిన మర్నాడు ఏమైనా అయితే? సిగ్గు విడిచి అడిగాను.

“తుడిస్తే ఏమీ కాదు కదండీ?”

కాదమ్మా అనవచ్చు. ఎవరైనా అనే మాటే అది. ఆయన అనలేదు.

“నాకు నీళ్ల సంగతి తెలుసు బిడ్డా. దేవుని సంగతి తెల్వది.” గుడ్డ నా చేతికిచ్చారు. “నువ్వే తుడువు. నేను తుడిస్తే, రేపు ఏమన్న అయితే జిందగంత నన్ను యాది జేస్కుంట కూసుంటవ్.”

తుడిచాను. థిన్నరు వాసనకు ఊపిరి పట్టేసింది. నూనెనే తీస్తున్నాను ప్రభువా, నిన్ను కాదు, అని లోలోపల అంటూ నాలుగు పక్కలా తుడిచాను. ఆయన పక్కన నిలబడి, వేలితో గీసి చూసి, “ఇంక జర” అంటూ పోయారు. వేలు కిర్రుమన్నాక తల ఊపారు. మా ఆయన చాయ గ్లాసులతో వచ్చి, నువ్వెందుకు తుడుస్తున్నావు అన్నారు. నేను తడబడేలోగా అద్దాలాయన అందుకుని, జిడ్డు పట్టింది, తుడుస్తున్నం అన్నారు, అంతే. అందులో అబద్ధం లేదు. నేను చెప్పవలసింది నాకు మిగిల్చారు.

కొత్త రబ్బరు బిగించి, ఆ రోజంతా బండిని డబ్బా దగ్గరే ఆరనిచ్చారు. మర్నాడు నీళ్ల పరీక్ష. అది ఆయన పని తీరు. ఎవరి బండి అయినా తానే లోపల కూర్చునేవారు. నీళ్లు మాత్రం బండివాళ్లు పోయాలి. ఆ రోజు మా ఆయన బకెట్ అందుకోబోతే ఆపి, నన్ను పొయ్యమన్నారు. లోపలికెళ్లి, తలుపు బిగించుకుని, సీటు మీద మోకాళ్లేసి, వెనకద్దం వైపు తిరిగి కూర్చున్నారు. అంచుల వెంట పౌడరు చల్లారు.

నేను బండి వెనక ఎక్కి నీళ్లు పోశాను. అద్దం మీద నీళ్లు జారుతుంటే ఆయన మొహం వంకర్లు పోయింది, కరిగింది, మళ్లీ కుదురుకుంది. వానలో బండి లోపల ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఉండి ఊహించుకోవడమే. ఇప్పుడు ఎదురుగా ఉన్నాడు, నేను పోసిన నీళ్ల అవతల. భయంతో చిన్నగా పోస్తుంటే లోపలి నుంచి చేత్తో, ఇంకా, ఇంకా పై నుంచి అని సైగ. ఎన్ని బకెట్లు పోశానో. ఆయన రెప్ప వెయ్యకుండా పౌడరు వైపే చూస్తున్నారు. చివరికి చెయ్యెత్తి ఆపమన్నారు. తలుపు తీసుకుని దిగారు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, ఒక్క క్షణం బండిని పట్టుకుని నిలబడి అన్నారు.

“ఇప్పటికి రాలే.”

మా ఆయన నవ్వారు. “ఇప్పటికేంటండి? ఇంకెప్పుడూ రాదని చెప్పండి, మా ఆవిడ నిద్రపోతుంది.”

“ఆ మాట నేననను అన్నా. ఎనుకట ఒక్కసారి అన్న.”

ఆ ఒక్కసారి ఏం జరిగిందో చెప్పలేదు. ఆయన మొహం చూశాక మేం అడగలేదు.

ఆ సాయంత్రం పాప హోంవర్కు చేసుకుంటుంటే, మొక్కల మధ్య నిలబడి మా ఆయనకు నూనె సంగతి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఎండిన ఆకులు రెండు మూడు తుంచారు. తర్వాత, ఆ రోజు ఫ్లైఓవర్ మీద పాపకు తెలియకుండా తనూ ప్రార్థన చేశానని చెప్పారు. నాకు రాదు కదా, నువ్వు చేసేది గుర్తున్నంత వరకు చేశాను అన్నారు. మళ్లీ ఆకులు తుంచడంలో పడ్డారు.

కొన్నాళ్లకు ఆ దారిన వెళ్తూ ఆగాను. సీసాలో ఇంకా కాస్త నూనె ఉంది, ప్రార్థించినది పారబొయ్యలేను, ఏం చెయ్యమంటారని అడిగాను. మా పాస్టరుగారిని అడగవలసిన మాట అద్దాలాయనను ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆయన మా బండి తలుపు రెండుసార్లు తీసి వేసి చప్పుడు విన్నారు.

“తలుపు కబ్జాలకు వెయ్యి. ఇనుము అడుగుతది నూనె, రబ్బరు అడగది.” తన డబ్బా వైపు చూసి, “మిగిల్తే నాకు ఇంత తే. నా డబ్బా తలుపు ఒకటే మొత్తుకుంటున్నది” అన్నారు.

చిన్న సీసాలో పోసి తెచ్చాను. ఆయన మా ప్రార్థనలు ఎరిగిన మనిషి కాదు. డబ్బా లోపల ఎల్లమ్మ పటం, దానికి ఎండిన పూలదండ ఉండేవి. అయినా నేను సీసా ఇవ్వబోతే ఆగమని, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, చెప్పులు విడిచి, రెండు చేతులతో అందుకున్నారు.

మొన్న వానకు ముందు రోజు మొక్కలతో ఆ దారిన వెళ్తుంటే రోడ్డు పక్కన పగిలిన అద్దం కనబడలేదు. బండి ఆపించాను. ఎదురుగా చాయ అమ్మే ఆమె చెప్పింది, నాలుగు నెల్లాయె, జ్వరమని దవాఖానకు పోయిండు, ఇగ రాలే అని. ఆయన కొడుకు వచ్చి సామాను తీసుకెళ్లేదాకా తాళంచెవి ఆమె దగ్గరే ఉందట. చూస్తవా అని తాళం తీసి తలుపు లాగింది. చప్పుడు కాలేదు. లోపల ఎల్లమ్మ పటం కింద, పౌడరు డబ్బా పక్కన నా సీసా ఉంది. అడుగున వేలెడు నూనె మిగిలి ఉంది.

మీకేమైతడు అని అడిగిందామె. మా బండికి అద్దం బిగించారని చెప్పాను. ఎవరి కోసమైనా ప్రార్థన చేసేటప్పుడు పేరు చెప్పడం మా అమ్మ నేర్పిన పద్ధతి. ఇంటికొచ్చి కళ్లు మూసుకుంటే చెప్పడానికి పేరు లేదు. అద్దాలాయన అనే చెప్పాను. దేవునికి ఎవరో తెలుస్తుంది.

మర్నాడే వాన. అందుకే సీటు వెనక చెయ్యి పెట్టి, పొడిగా ఉన్నా తలుపు వెయ్యలేకపోయాను. రబ్బరు పాతబడుతుంది. ఏదో ఒక రోజు ఆ మూల నుంచి మళ్లీ నీళ్లు మొదలవుతాయి. అప్పుడు లోపల కూర్చుని చూసేదెవరు? ఉరుము వినబడింది, పడమటి నుంచి మళ్లీ మబ్బు దిగుతోంది. మా ఆయన పాప బడిసంచి తీసుకుని వచ్చారు. నా మొహం చూసి, ఏమైంది, తడిగా ఉందా అన్నారు.

మా ఇంట్లో ఎవరమూ అద్దాలాయన యాసలో మాట్లాడం.

“ఇప్పటికి రాలే” అన్నాను.

మా ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, తల ఊపి, పాపను ఎక్కించుకుని వానలోకి బయలుదేరారు.